కిరీటం తెగిన బొమ్మ: పాత డీవీడీ రికార్డర్‌ని కొత్త టీవీకి కలిపిన ఒక కేసు

2023 ఎండాకాలంలో నేను చూసిన కేసు ఇది. మాది కందుకూరులో టీవీ రిపేరు షాపు, పిక్చర్ ట్యూబు టీవీల కాలం నుంచి ఇదే పని (అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో కలిపారు). ఇంటివాళ్ళ పేర్లు, ఊరు పేరు, పెద్దాయన కట్టిన వేషం పేరు రాయట్లేదు, రాస్తే మా పక్కోళ్ళు ఇట్టే గుర్తుపడతారు. ఈ కేసు ఎందుకు రాస్తన్నానంటే, అందులో ఉన్న నాలుగు కంప్లయింట్లకి నాలుగు వేరే వేరే కారణాలు, అయినా ఇంట్లో వాళ్ళూ, నాకంటే ముందు చూసినోళ్ళూ అందరూ ఒకటే కారణం చెప్పారు, బాక్సు (ఆ డీవీడీ రికార్డర్) పోయింది అని. బాక్సుకి ఏం కాలేదు. దాన్ని పారేసుంటే మాత్రం తిరిగి రానిది ఒకటి పోయేది.

ఇంటి సంగతి

పెద్దాయనకి ఎనభై దగ్గర. వయసులో ఉన్నప్పుడు పద్య నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. మా పక్క తిరనాళ్ళకి, శ్రీరామనవమికి రాత్రి పదింటికి నాటకం మొదలైతే తెల్లారేదాకా నడుస్తంది, హార్మోనియం ఆయన స్టేజీ పక్కనే కూర్చుంటాడు, పద్యం ఎత్తుకుని చివర్లో రాగం లాగితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు, అరిస్తే మళ్ళీ అదే పద్యం పాడాల్సిందే. 1996లో ఒక తిరనాళ్ళలో ఆయన నాటకాన్ని పెళ్ళిళ్ళు తీసే వీడియో ఆయన చేత క్యాసెట్ల మీద తీయించారు. కొడుకు కువైట్‌లో పనిచేసేటప్పుడు 2007లో అక్కడి నుంచి డీవీడీ రికార్డర్ ఒకటి తెచ్చి, ఇంట్లో ఉన్న వీసీఆర్‌కి కలిపి క్యాసెట్లని మూడు డిస్కుల్లోకి ఎక్కించాడు. ఒక క్యాసెట్ మాత్రం అట్టా మిగిలిపోయింది, సెలవు అయిపోయి వెళ్ళిపోయాడంట.

పాత డబ్బా టీవీ ఉన్నన్నాళ్ళూ ఆ డిస్కులు బాగానే ఆడినయ్యి. ఆ టీవీ పోయాక 43 అంగుళాల ఎల్‌ఈడీ కొన్నారు, అప్పటి నుంచే తంటా. పెద్దాయనకి ఇప్పుడు గొంతు పాడటానికి సహకరించదు, మధ్యాన్నం పూట ఆ డిస్కు పెట్టుకుని చూడటమే ఆయనకి ఉన్న కాలక్షేపం.

ఫోన్ చేసింది వాళ్ళ కోడలు. ఆమె చెప్పిన మాటలు నేను అట్టాగే షాపు పుస్తకంలో రాసుకున్నా: బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తంది, మనుషులు ఉబ్బినట్టు లావుగా కనపడతన్నారు, వెలుతురు తగ్గతా పెరగతా ఉంది, మామయ్య కిరీటం సగం తెగిపోతంది. ఐదో మాట చివర్లో మామూలుగా అనింది, "డిస్కు లాప్‌టాప్‌లో పెడితే ఖాళీ డిస్కు అంటంది అన్నా, ఫార్మాట్ చేయమంటారా అని అడగతంది" అని. నేను వెంటనే చెప్పా, అమ్మా దేవుడికి దండం పెడతా, ఏ బటనూ నొక్కబాక, డిస్కు తీసి కవర్లో పెట్టు, రేపు పొద్దున్నే నేనే వస్తన్నా అని.

ఎందుకంత కంగారు అంటే, ఆ రికార్డర్లలో డిస్కు రాసిన తర్వాత ఫైనలైజ్ అని ఒక పని చేయాల. డిస్కులో ఏముంది, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయింది అనే పట్టీ చివర్న మూసి రాసేది అప్పుడే. అది చేయని డిస్కు రాసిన రికార్డర్‌లో మామూలుగా ఆడతంది, కంప్యూటర్‌కీ వేరే ప్లేయర్లకీ మాత్రం ఖాళీగా కనపడొచ్చు. అంటే ఆ నాటకం ఇప్పుడు చూపించగలిగింది ఊళ్ళో ఆ ఒక్క పెట్టె. "పాత డబ్బా, పారేయండి" అని ఇద్దరు మెకానిక్‌లు చెప్పిపోయిన పెట్టే అది.

మొదటి రోజు చూసింది

నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు రిమోట్ పట్టుకోను, టీవీ వెనకాలకి వెళ్తా. సిగ్నల్ ఏ దోవన వస్తందో తెలియకుండా సెట్టింగులు మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, చెడినా ఎందుకు చెడిందో తెలియదు.

వెనకాల పరిస్థితి ఇది. రికార్డర్ పసుపు జాక్ నుంచి వైరు వీసీఆర్‌లోకి, వీసీఆర్ నుంచి టీవీకి. టీవీకి యాంటెన్నా కాక రెండు హెచ్‌డీఎంఐలు, ఒక వరస గుండ్రటి జాక్‌లు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పక్కన ఆడియోకి తెలుపు, ఇంకో ఎరుపు. విడిగా పసుపు జాక్ లేదు, ఆకుపచ్చ దాని చుట్టూ పసుపు గీత ఉంది. ఈ మధ్య టీవీల్లో ఇది మామూలే, ఒకే జాక్ రెండు పనులకి. పసుపు వైరు అందులో పెట్టి టీవీలో ఏవీ అని ఎంచుకుంటే మామూలు వీడియో, మూడు వైర్లు పెట్టి కాంపోనెంట్ అని ఎంచుకుంటే కాంపోనెంట్, అంటే వెలుగు, రంగు విడివిడి వైర్లలో వచ్చే దోవ. రికార్డర్‌కి హెచ్‌డీఎంఐ లేదు, కాంపోనెంట్, ఎస్ వీడియో, పసుపు, యాంటెన్నా ఇంతే ఉన్నయ్యి.

జాక్‌లన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నయ్యి, సముద్రం పక్క ఊరు, ఉప్పు గాలికి ఏ లోహమూ ఆగదు. ప్లగ్గు చూస్తే కువైట్‌లో వాడే చదరం పిన్నుల మూడు కాళ్ళ ప్లగ్గు, దానికి ఒక అడాప్టర్ తగిలించి మన బోర్డులో పెట్టారు, చెయ్యి తగిలితే చిటపట అంటంది. ముందు అది కోసేసి మన ప్లగ్ టాప్ బిగించా. చిన్న పనే గానీ దాని అవసరం తర్వాత వస్తంది.

ఇంకొకటి, వైర్లు పీకే ముందు టీవీ, రికార్డర్, కేబుల్ బాక్సు మూడూ బోర్డులో నుంచి తీసేశా. వీటికి ఎర్త్ ఉండదు, పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల గుండా లీకయ్యే కరెంటు జాక్ మీద చిన్నగా చిమచిమలాడతా ఉంటంది, కేబుల్ వైరు ఒక పక్క, ఇది ఒక పక్క కలిసినప్పుడు టీవీ పోర్టు పోయిన కేసులు నా షాపుకి చాలా వచ్చినయ్యి.

బ్లాక్ అండ్ వైట్ ఎందుకు

దీనికి ఇంతకు ముందు వచ్చినాయన చెప్పిన కారణం, కువైట్ మిషను కదా అక్కడి సిస్టం వేరు అని. నేను ఒప్పుకోలేదు. కువైట్‌ది కూడా మనలాగా పాల్ సిస్టమే, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు, అమెరికా నుంచి తెచ్చిన ఎన్‌టీఎస్‌సీ మిషను అయితే ఆ అనుమానం పెట్టుకోవచ్చు. పైగా ఇదే పెట్టె పాత టీవీలో పదేళ్ళ పైనే కలర్‌లో ఆడింది.

అప్పుడు టీవీకి దగ్గరగా వెళ్ళి, ఒక జానెడు దూరంలో నిలబడి చూశా. నాటకంలో వెనకాల తెర ఎర్రది అని పెద్దాయన చెప్పాడు. ఆ తెర మీద మొత్తం సన్న సన్న చుక్కలు, గళ్ళ గుడ్డలాగా, కదులుతా ఉన్నయ్యి. తెల్ల పంచె మీద చుక్కలు లేవు. అక్కడే తేలిపోయింది. పసుపు వైరులో వెలుగు, రంగు రెండూ కలిసి వస్తాయి, రంగుని 4.43 మెగాహెర్ట్జ్ అల మీద ఎక్కించి పంపుతారు. టీవీ దాన్ని కాంపోనెంట్ అనుకుంటే ఆ అలని రంగుగా విడదీయదు, వెలుగులో భాగంగానే చూపిస్తంది, అందుకే రంగు గట్టిగా ఉన్నచోట చుక్కలు. చుక్కలు లేకుండా నున్నటి బ్లాక్ అండ్ వైట్ వస్తే ఉల్టా కేసు, కాంపోనెంట్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే పెట్టి మిగతా రెండూ వదిలేశారని. టీవీ ఇన్ఫో బటన్ నొక్కితే కాంపోనెంట్ అనే పడింది. సోర్సు ఏవీకి మార్చా, రంగు వచ్చేసింది. వాళ్ళు ఆరు నెలలు పడ్డ ఇబ్బంది సోర్సు మెనూలో ఒక్క మెట్టు కింద ఉంది.

ఇక్కడితో డబ్బులు తీసుకుని రావచ్చు. కానీ రాలేదు, మిగతా మూడూ అట్టాగే ఉన్నయ్యి.

పారని ఎత్తులు

వెలుతురు తగ్గటం పెరగటం చూసి నేను వీసీఆర్‌ని అనుమానించా. కొన్న సినిమా డీవీడీని వీసీఆర్ గుండా టీవీకి పంపితే కాపీ చేయకుండా పెట్టిన రక్షణ సిగ్నల్ వల్ల బొమ్మ ఇట్టాగే మసకబారి మళ్ళీ వెలుగుతంది, అది నాకు అలవాటైన జబ్బు. వీసీఆర్‌ని దోవలోంచి తీసేసి రికార్డర్‌ని నేరుగా కలిపా. ఏమీ మారలేదు. అప్పుడు ఆలోచిస్తే అర్థమైంది, ఇది ఇంట్లో రాసుకున్న డిస్కు, అందులో ఆ రక్షణ ఉండదు. అలవాటైన కారణం కళ్ళ ముందు ఉండేసరికి ఈ కేసుకి అది సరిపోతందా అని అడగకుండా చేశా. వీసీఆర్ తీసేయటం ఎట్టాగూ మంచిదే, దోవలో ఒక మెషిను తగ్గింది.

రెండోది, కొడుకు ఆన్‌లైన్లో తెప్పించిన ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్. అగ్గిపెట్టె అంత ఉంటంది, 720, 1080 అని స్విచ్చు. వాళ్ళ నమ్మకం ఏందంటే హెచ్‌డీఎంఐ కాబట్టి బొమ్మ హెచ్‌డీ అవుతంది అని. పెట్టి చూపించా. బొమ్మ అడ్డంగా సాగింది, మెత్తబడింది, అంతకంటే ముఖ్యంగా కదలిక చెడింది. ఆ డబ్బా సెకనుకి 60 లెక్కన పంపుతంది, మన డిస్కులో ఉన్నది సెకనుకి 50 అరఫ్రేములు (ఒక్కోదాంట్లో ఫ్రేములో సగం గీతలే ఉంటాయి), 50ని 60 చేయాలంటే మధ్యమధ్యలో కొన్ని రెండుసార్లు చూపించాల. మనుషులు నిలబడి మాట్లాడేటప్పుడు తెలియదు, పెద్దాయన రాగం తీస్తా కుడిచెయ్యి పక్కకి చాపే చోట ఆ చెయ్యి ఎక్కి ఎక్కి కదిలింది. పెద్దాయన అది చూసి "నా చెయ్యి అట్టా వణికేది కాదు నాయనా, ఇప్పుడు వణకతంది గానీ" అన్నాడు. కన్వర్టర్ పక్కన పెట్టేశా.

మూడోది నా తొందర. పసుపు వైరు కంటే కాంపోనెంట్ మేలని నిర్ణయించుకున్నా. వైర్లు మార్చబోయే ముందే రికార్డర్ మెనూలోకి వెళ్ళి ప్రోగ్రెసివ్ (అరఫ్రేములు కాకుండా నిండు బొమ్మలు పంపే పద్ధతి) ఆన్ చేశా, ఎట్టాగూ కావాలి కదా అని. నొక్కంగానే స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఆ మోడల్‌లో ప్రోగ్రెసివ్ పెడితే పసుపు జాక్‌లో బొమ్మ ఆగిపోతంది. మెనూ కనపడకపోతే వెనక్కి తిప్పేదెట్టా? నా చేతిలో కాంపోనెంట్ వైరు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు పెద్దాయన డిస్కు చూడకుండా పడుకునేవాడు. ముందు వైరు, బొమ్మ చూసుకున్నాక సెట్టింగు, ఈ వరస నేను ఆ రోజు నుంచి తప్పలేదు.

కాంపోనెంట్ వైరింగు

కాంపోనెంట్ ఎందుకంటే, రికార్డర్ ఒకప్పుడు వీసీఆర్ నుంచి కలిసి వచ్చిన వెలుగునీ రంగునీ విడదీసి డిస్కులో రాసింది. పసుపు వైరులో పంపితే వాటిని మళ్ళీ కలపాల, టీవీ మళ్ళీ విడదీయాల, ప్రతిసారీ కొంచెం పోతంది. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ వైరు వెలుగు, నీలం ఎరుపు రెండూ రంగు తేడాలు, విడివిడిగానే వెళ్తాయి. మూలం క్యాసెట్టే కాబట్టి అద్భుతాలు జరగవని ముందే చెప్పా, ఎర్ర తెర అంచు మాత్రం చుక్కలు లేకుండా శుభ్రంగా వస్తంది అన్నా, వచ్చింది.

కందుకూరులో కాంపోనెంట్ కేబుల్ దొరకలేదు. దాని అవసరం కూడా లేదు, మామూలు పసుపు తెలుపు ఎరుపు ఏవీ వైరే మీటరున్నర లోపు దూరానికి సరిపోతంది, ప్లగ్గు ఒకటే. కాకపోతే రంగులు కుదరవు, పసుపుని ఆకుపచ్చలో, తెలుపుని నీలంలో, ఎరుపుని ఎరుపులో పెట్టా, శబ్దానికి ఇంకో వైరు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఎర్ర జాక్‌లు రెండు ఉంటాయని, ఒకటి రంగుది, ఒకటి కుడి పక్క శబ్దానిది. ఇంతకు ముందు వచ్చినాయన ఎర్ర ఆడియో వైరుని రంగు జాక్‌లో పెట్టిపోయాడు, హార్మోనియం ఒక పక్క స్పీకర్లోనే వినపడిందంటే అందుకే. ప్రతి వైరుకీ రెండు చివర్లా తెల్ల టేపు చుట్టి "పచ్చ", "నీలం", "ఎరుపు బొమ్మ", "ఎరుపు సౌండు" అని పెన్నుతో రాశా. చిలుముని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, ప్లగ్గుల్ని నాలుగైదు సార్లు తిప్పి పెట్టా.

ప్రోగ్రెసివా, ఇంటర్‌లేసా

ఇంటర్‌లేస్ అంటే అరఫ్రేముల్ని అట్టాగే విడివిడిగా పంపటం. టీవీ రెండూ తీసుకుంటంది. అందరూ ప్రోగ్రెసివ్ అంటే పెద్దది, అదే పెట్టాలి అనుకుంటారు. నేను రెండూ పెట్టి ఒకే చోట, రాజు కత్తి దూసే సీను దగ్గర, ఐదారు సార్లు ఆడించి చూశా. కెమెరాతో తీసినది కాబట్టి ఇందులో ప్రతి ఫ్రేమూ వేరే వేరే క్షణాల్లో తీసిన రెండు అరఫ్రేములు, సరి గీతలు ఒక క్షణం, బేసి గీతలు ఇంకో క్షణం. వాటిని కలిపి నిండు బొమ్మ చేయాల్సింది ఎవరు, 2007 నాటి రికార్డరా, ఇప్పటి టీవీయా, అదీ ప్రశ్న. రికార్డర్‌లో ప్రోగ్రెసివ్‌కి ఫిల్మ్ అని, వీడియో అని రెండు రకాలు. ఫిల్మ్‌లో పెట్టి ఉంది, అందులో కత్తి కదిలినప్పుడల్లా దాని అంచు దువ్వెన పళ్ళలాగా చీలింది. వీడియోలో పెడితే చీలిక పోయింది గానీ హార్మోనియం మెట్ల మీద, జరీ అంచు మీద సన్న గీతలు మెరిసినయ్యి. ఇంటర్‌లేస్‌లో పంపితే టీవీయే ఆ పని చేసుకుంది, అంచులు నిలకడగా ఉన్నయ్యి. ఇంటర్‌లేస్‌లో ఉంటే పసుపు జాక్ కూడా పనిచేస్తంది, అది నాకు తర్వాత కావాల. అందుకని ఇంటర్‌లేస్ ఖాయం చేశా.

లావు మనుషులు, తెగిన కిరీటం

1996లో తీసిన బొమ్మ 4:3. టీవీ 16:9. స్క్రీన్ కొలిచా, వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53న్నర. ఆ ఎత్తుకి 4:3 బొమ్మ 71 సెంటీమీటర్లే ఉండాల, దాన్ని 95కి లాగితే మనిషి మూడో వంతు లావవుతాడు. లావు నచ్చక ఇంట్లో ఎవరో జూమ్ పెట్టారు, జూమ్‌లో మనిషి మామూలుగానే ఉంటాడు గానీ పైనా కిందా తెగుతంది, కిరీటం అక్కడ పోయింది. కంప్లయింట్లలో రెండు ఒకదానికి ఒకటి మందుగా వేసుకున్నవి.

4:3 పెడితే పక్కలకి చెరో 12 సెంటీమీటర్లు నల్లగా ఉంటంది. కొడుకు ఫోన్లో "అంత పెద్ద టీవీ కొని నల్ల పట్టీలు చూడటానికా అన్నా" అన్నాడు. నేను వాదించలేదు, మూడు రకాలూ పెద్దాయనకి వరసగా చూపించా, ఏది కావాలో ఆయన్నే చెప్పమన్నా. నాటకం మొదట్లో హారతి పళ్ళెం వస్తంది, అది ఏ రకంలో గుండ్రంగా ఉందో చూడండి తాతా అన్నా. ఆయన పళ్ళెం చూడలేదు, తన్ను చూసుకున్నాడు. "ఇది నేను" అన్నాడు 4:3 దగ్గర.

సెట్టింగు రెండు చోట్ల ఉంటంది, అక్కడే చాలామంది తిరకాసు పడతారు. రికార్డర్‌లో టీవీ రకం అని ఒకటి, 16:9 అనో 4:3 లెటర్‌బాక్స్ అనో. టీవీలో పిక్చర్ సైజు అని ఇంకొకటి. పుస్తకం ప్రకారం వెడల్పు టీవీకి రికార్డర్‌లో 16:9 పెట్టాల. అట్టా పెడితే, వెడల్పు సినిమా డిస్కు వేసినప్పుడు టీవీలో 16:9కీ, నాటకం వేసినప్పుడు 4:3కీ ప్రతిసారీ రిమోట్‌తో మార్చుకోవాల, ఈ కాంపోనెంట్ దోవలో బొమ్మ ఏ ఆకారమో టీవీ కనిపెట్టలేదు. ఎనభై ఏళ్ళాయన ఆ పని చేయలేడు. అందుకని నేను రికార్డర్‌లో 4:3 లెటర్‌బాక్స్, టీవీలో కూడా 4:3 పెట్టా. ఎప్పుడన్నా వెడల్పు సినిమా వేస్తే నాలుగు వైపులా నలుపుతో చిన్నగా వస్తంది, కొంచెం నాణ్యం పోతంది, కానీ ఏది వేసినా మనిషి ఆకారం చెడదు, రిమోట్ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఇంటికి అదే సరైనది, వేరే ఇంట్లో అయితే 16:9 పెట్టేవాణ్ణి.

అయినా కిరీటం మొన ఇంకా కొంచెం తెగతానే ఉంది. టీవీ అన్ని అంచుల్లోనూ కాస్త కత్తిరించి చూపిస్తంది, ఓవర్‌స్కాన్ అంటారు. టీవీ మెనూలో దాన్ని ఆపేశా. పైన కిరీటం మొన, దాని మీద ఎర్ర రాయి, రాయి పైన పిట్ట ఈక లాంటి కుచ్చు మొత్తం వచ్చింది. దాంతోపాటు కింద అంచున వేలు మందం కూడా లేని పట్టీలో గీతలు చిరిగినట్టు కదులుతా కనపడినయ్యి, అది వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కి పుట్టుకతో ఉండేది, వీసీఆర్ హెడ్డు ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోటు, డబ్బా టీవీలు దాన్ని అంచు వెనకాల దాచేసేవి. కింద మచ్చ కావాల్నా, పైన కుచ్చు కావాల్నా అని అడిగా. "ఆ కుచ్చు మా ఆడది కుట్టింది" అన్నాడు. ఆమె పోయి తొమ్మిదేళ్ళంట. ఓవర్‌స్కాన్ ఆపే ఉంచా.

వెలుతురు, రంగు

వెలుతురు తగ్గటానికి కారణం టీవీలోనే ఉంది. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంది, డైనమిక్ కాంట్రాస్ట్ హైలో ఉంది, కరెంటు ఆదా కూడా ఆన్. స్టేజీ మీద లైటు తగ్గినప్పుడల్లా టీవీ తనే వెనక లైటుని ఆడిస్తంది. ఆ రెండూ ఆపి స్టాండర్డ్‌కి మార్చా, ఊపు ఆగిపోయింది. షార్ప్‌నెస్ సగం పైన ఉంది, దానివల్ల తెల్ల పంచె చుట్టూ ఇంకో తెల్ల గీత, బాగా తగ్గించేశా. మొదట మసకైనట్టు అనిపిస్తంది, ఐదు నిముషాలు చూస్తే కన్ను అలవాటు పడతంది, ఇంట్లో వాళ్ళకి ఆ మాట ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే మనం గేటు దాటంగానే మళ్ళీ పెంచేస్తారు.

రంగు విషయంలో నేను అంకెలు పట్టించుకోలేదు. నాటకం మేకప్‌లో అర్దళం అనే పసుపు పొడి వాడేవాళ్ళు, మొహం పసుపు కలిసిన రంగులో మెరవాల, టీవీలో అది గులాబీ రంగులో ఉంది. పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కలర్ టెంపరేచర్‌ని వార్మ్ వైపు జరిపా, కలర్ కొంచెం దించా, "ఆపు, అదే" అనేదాకా. ఆ రోజు స్టేజీ మీద ఏ రంగు వేసుకున్నాడో తెలిసిన మనిషి పక్కనుంటే ఇంక మీటరు ఎందుకు.

డిస్కులు

ఇప్పుడు అసలు భయం. ఫైనలైజ్ చేయాలంటే పదహారేళ్ళ నాటి డిస్కు మీద రికార్డర్ మళ్ళీ రాయాల, లేజర్ పాతబడింది, డిస్కు కూడా. రాసేటప్పుడు కరెంటు పోతే మొత్తం పోవచ్చు. అందుకని ముందు ఫైనలైజ్ చేయలేదు. పసుపు జాక్ నుంచి నా లాప్‌టాప్‌కి యూఎస్‌బీ క్యాప్చర్ వైరు తగిలించి, కాంపోనెంట్‌లో టీవీ నడస్తా ఉండగా మూడు డిస్కులూ ఆడించి ఒక నకలు పట్టుకున్నా, నాణ్యం కొంచెం తక్కువైనా చేతిలో ఒకటి ఉంటంది. ఇంటర్‌లేస్‌లో ఉంచబట్టే రెండు జాక్‌లూ ఒకేసారి పనిచేసినయ్యి. మూడు రోజులు మధ్యాన్నాలు పట్టింది, వాళ్ళ కోడలు ఉలవపాడు మామిడికాయలు కోసి పెట్టేది.

ఆ తర్వాత ఇన్వర్టర్ లైను మీద పెట్టి ఒక్కో డిస్కూ ఫైనలైజ్ చేశా. ఆ చదరం ప్లగ్గు చిటపటలు అట్టాగే ఉండుంటే ఈ పనికి నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. రెండు డిస్కులు సజావుగా అయినయ్యి, లాప్‌టాప్‌లో తెరుచుకున్నయ్యి, ఫైళ్ళు నేరుగా కాపీ చేశా. మూడోది ఎర్రర్ ఇచ్చి ఆగింది, మళ్ళీ రికార్డర్‌లో వేసినా సగం దాకానే ఆడింది. దానికి మాకు మిగిలింది ముందు పట్టుకున్న నకలే.

మిగిలిపోయిన క్యాసెట్‌కి బూజు పట్టింది, వీసీఆర్‌లో నేరుగా వేస్తే హెడ్డు పాడవుతంది, టేపు కూడా తెగొచ్చు. విప్పి, బయట చేత్తో తిప్పుతా బూజు తుడిచి, వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చి వేశా. అది మూడు గంటల క్యాసెట్. 4.7 జీబీ డిస్కులో ఎస్‌పీ (మంచి నాణ్యం) అయితే రెండు గంటలు, ఎల్‌పీ (తక్కువ నాణ్యం) అయితే నాలుగు గంటలు పడతంది. కొడుకు 2007లో అన్నీ ఎల్‌పీలో రాశాడు, ఒకే డిస్కులో పట్టాలని. క్యాసెట్ బొమ్మకి ఎల్‌పీ సైజు చాలదని కాదు, క్యాసెట్ బొమ్మలో ఉండే గరగరని కుదించడానికే ఆ తక్కువ డేటా అంతా ఖర్చయిపోతంది, పొగ సీనులో మొహాలు గళ్ళు గళ్ళుగా విరిగినయ్యి. నేను ఎస్‌పీలో రెండు డిస్కులు చేశా. మధ్యలో ఎక్కడ తెంపాలో మాత్రం పెద్దాయన్ని అడిగా, పద్యం మధ్యలో తెగకూడదు కదా, ఒక సీను అయిపోయి తెర పడే చోటు ఆయనే చెప్పాడు. ఆ రెండూ అప్పటికప్పుడే ఫైనలైజ్ చేసేశా.

రెండు నెలల తర్వాత కోడలు మళ్ళీ ఫోన్ చేసింది, మళ్ళీ బ్లాక్ అండ్ వైట్ వచ్చింది అని. చుక్కలు ఉన్నయ్యా అమ్మా తెర మీద అని అడిగా, లేవు, నున్నగా ఉంది అనింది. అయితే వెనకాల చూడు, "నీలం", "ఎరుపు బొమ్మ" అని రాసిన వైర్లు రెండూ ఊడిపోయుంటాయి అన్నా. ఇల్లు చిమ్మేటప్పుడు లాగారంట. పెట్టేసింది, ఫోన్లోనే హార్మోనియం వినపడింది.